బాలకిషన్ వంతు

అడవి అంటుకోవాలంటే మాఘమాసం దాటాలని సర్కారు లెక్క. ఆకు రాలాలి, ఎండ ముదరాలి, ఇప్పపూలు ఏరేవాళ్లు చెట్ల కింద చెత్త కాల్చాలి. అప్పటిదాకా గుట్ట బుద్ధిగా ఉండాలి. ఆ యేడు కోనరావుపేట అవతలి గుట్టకు ఈ లెక్క ఎవరూ చెప్పినట్టు లేదు, కార్తీకంలోనే అంటుకుంది. భాద్రపదంలో వాన మొహం చాటేయడంతో, పచ్చగా ఉండాల్సిన రోజుల్లోనే గడ్డి ఎండి గలగలలాడింది. పైగా అవి ఎన్నికల రోజులు. గుట్ట మీద పొగ లేస్తే చాలు, కింద ఒక మైకు లేచేది.

గద్దె మీదున్న పార్టీ వాళ్లు జీపులో వచ్చి, అడవిని అన్నలే తగలబెట్టారన్నారు. గద్దె ఎక్కాలనుకున్న వాళ్లు మరో జీపులో వచ్చి, అన్నలు దాక్కోవడానికి చోటు లేకుండా పోలీసులే తగలబెట్టారన్నారు. పోలీసులు మొదటి మాటే అన్నారు. అన్నలు రెండో మాటనే ఎర్రరంగుతో బడి గోడ మీద రాశారు. సాలెవాడలో మగ్గం నేసే దశరథం ఇవన్నీ విన్నాడు. ఎవడో బీడీ ముక్క పారేసి ఉంటాడని అతనికి తోచింది గానీ, ఆ మాట పైకి అంటే అందరికీ కోపమే. ఊళ్లోకి అన్నల సంఘం వచ్చిన కొత్తలో గోడ మీది రాతలు నిలబడి చదివేవాడు, నలుగురికీ చదివి వినిపించేవాడు. ఇప్పుడు గోడ పక్కనుంచి తలొంచుకుని పోతున్నాడు. విని విని అతని ప్రాణం విసిగిపోయింది.

ఆ మంట వాగు దాకా వచ్చి ఆగింది. వాగుకు, సాలెవాడకు మధ్య ఉన్నదల్లా దొర కంచె. కంచె అంటే ముళ్ల కంచె కాదు, ఒకప్పుడు ప్రభాకర్ రావు దొర తన పశువుల మేతకని వదిలిన గడ్డి భూమి. సంఘం రోజుల్లో దొర గడీకి తాళం వేసి జగిత్యాల చేరాడు. ఆ భూమిలో ఎవరూ అడుగు పెట్టొద్దని అన్నల పార్టీ చెప్పింది. అప్పటినుంచి అందులో నాగలీ లేదు, కొడవలీ లేదు. గడ్డి నడుం ఎత్తు పెరిగి, ఎండి, మళ్లీ దాని మీదే మొలిచి, వాడ ఇళ్ల గోడల దాకా వచ్చి నిలబడింది.

దొర కాలంలో ఇలా ఉండేది కాదు. వరికోతలు కాగానే, వాడకూ కంచెకూ మధ్య బండి పట్టేంత వెడల్పున గడ్డి కోసి, నేల గీకి, దాన్ని తెల్లగా ఉంచాలి. మా పొయ్యిల నిప్పురవ్వ ఎగిరి ఆయన గడ్డి ఎక్కడ కాలిపోతుందోనని దొర భయం, అంతేగాని మా ఇళ్ల మీద ప్రేమ కాదని వాడలో ముసలీ ముతకా నవ్వుకునేవారు. ఇంటికొక వంతు. దొర మనిషి రాళ్లు పాతి చూపించేవాడు, ఈ రాయి నుంచి ఆ రాయి దాకా ఫలానావాడిదని. వంతు మిగిల్చినవాణ్ణి గడీ ముందు ఎండలో నిలబెట్టేవారు. కూలి లేదు, గంజి లేదు, వెట్టి. సంఘం వచ్చిన యేడు దొర మనిషి ఎదుట కొడవలి నేలకేసి కొట్టిన మొదటివాడు దశరథమే. ఇక మీద మా వంతులు లేవన్నాడు. అతని బతుకులో అంత మంచి రోజు మరొకటి లేదు. ఆ ముచ్చట ఎన్నిసార్లు చెప్పాడంటే, సగంలో అతను దగ్గితే మిగతాది భార్య సత్యవ్వ పూర్తిచేసేది.

వెట్టి పోయింది, బాగానే ఉంది. దానితో పాటు ఆ తెల్లటి బాట కూడా పోయిందని ఇన్నేళ్లు ఎవరికీ పట్టలేదు.

మొదట పట్టించుకున్నది దశరథం అక్క శంకరవ్వ. వాడకు చివర, కంచెను ఆనుకుని ఆమె తాటాకుల ఇల్లు. మొగుడు పోయాక ఆడమనిషి మగ్గం గుంటలో కాళ్లు పెట్టడమేమిటని కులపోళ్లు బుగ్గలు నొక్కుకున్నా వినక, తానే కూర్చుని నేసింది. ఆమె తువ్వాళ్లంటే కోరుట్ల అంగట్లో అడిగి కొనేవాళ్లున్నారు. ఎవరి చేతి కిందికీ పోకుండా ఆమెను నిలబెట్టింది ఆ మగ్గమే. గుట్ట కాలిన మర్నాడు ఆమె తమ్ముడి గుమ్మంలో కూర్చుంది.

“తమ్మీ, వాగు ఎండిపోతాంది. ఇంకోపాలి మంట ఆగది. ఇల్లు పోతే నాలుగు తాటికమ్మలు కప్పుకుంట. మగ్గం పోతే నేను ఎవలింట్ల కూసోవాలె చెప్పు?”

ఆ గడ్డి కోయించాలి. కోయమని ఎవరు చెప్పాలి?

దశరథం తిరగడం మొదలుపెట్టాడు. కొత్తగా పెట్టిన మండలాఫీసులో, అది దొర పట్టా భూమి, మాకు సంబంధం లేదన్నారు. సిరిసిల్లలో అడవి ఆఫీసుకు పోతే అక్కడి గుమాస్తా జాలిగా చూసి, మంటల పనులకు మంజూరు మాఘం తర్వాతే వస్తుందన్నాడు. కార్తీకంలో కాలింది కదా సారూ అంటే, కాలి ఉండొచ్చు గానీ అది సీజను కాదన్నాడు. ఎన్నికల జీపులో వచ్చిన ఒక నాయకుడు మాత్రం భుజం మీద చెయ్యి వేసి, మేం గెలిస్తే గుట్ట చుట్టూ రోడ్డే వేయిస్తామన్నాడు. దశరథం రోడ్డు అడగలేదు.

చివరికి కొడిమ్యాల మీదుగా బస్సెక్కి జగిత్యాల పోయాడు. ప్రభాకర్ రావు దొర ఒక మిద్దె పైభాగంలో అద్దెకుంటున్నాడు. దశరథం నోట ‘దొరా’ అని రాబోయింది, దాన్ని మింగి ‘సారూ’ అన్నాడు. దొరసాని ఇందిరాదేవి కుర్చీ చూపించి చాయ ఇచ్చింది. ఒకప్పుడు గడీ అరుగు కూడా ఎక్కనివాడికి ఆ కుర్చీలో కూర్చోవడం ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది. దొర బక్కచిక్కిపోయాడు. విషయమంతా విని కిటికీ వైపు తిరిగాడు.

“నా కంచె అనేటోనివి నువ్వొక్కనివే మిగిలినవు దశరథం. కోసుకోపో. నేను చెప్పిన్నని మాత్రం అనకు. నాకూ మంచిది గాదు, నీకూ మంచిది గాదు.”

తిరిగొచ్చి సంఘం మనిషి జలపతిని కలిశాడు. వాడు దశరథాన్ని కాకా అని పిలుస్తాడు, కొడవలి ముచ్చట వింటూ పెరిగినవాడు. రెండు రోజులు ఆగి అన్నల దగ్గరి కబురు తెచ్చాడు: వాడ జనం తమకు తాముగా కోసుకుంటే అడ్డం లేదట, దొర కోసం చేసినట్టు మాత్రం కనిపించొద్దట, తాము చెప్పినట్టు అసలే కావద్దట. ఠాణాలో జమేదారు కూడా దాదాపు అదే అన్నాడు. కొడవళ్లతో గుంపు కనిపిస్తే కేసు, పొద్దు నెత్తి మీదికి రాకముందే ముగిస్తే నేను చూడలేదనుకుంటానన్నాడు. ఊరిని ఏలేవాళ్లందరూ ఒక్కమాట మీదికి వచ్చింది ఆ ఒక్కసారే. పని చేసుకోండి, మా పేరు చెప్పకండి!

ఆ తెల్లవారి సాలెవాడ కొడవళ్లు పట్టుకుని కదిలింది. నేలకేసి కొట్టిన కొడవలే మళ్లీ దశరథం చేతిలో ఉంది. నువ్విక్కడ, నువ్వక్కడ అని ఎవరూ ఎవరికీ చెప్పలేదు, చెప్పే అవసరమే రాలేదు. దొర మనిషి పాతిన రాళ్లు గడ్డిలో మునిగిపోయి ఎన్నేళ్లయినా, ప్రతివాడూ నేరుగా పోయి తన వంతులో వంగాడు. అప్పటికి వాడకు రాని కోడళ్లను సైతం అత్తలు తీసుకుపోయి సరైన రాయి దగ్గర నిలబెట్టారు. పని చకచకా సాగింది. పొద్దు నెత్తి మీదికి రాకముందే ముగిసింది, అందరూ చెదిరిపోయారు. దశరథం చివరిసారి వెనక్కి తిరిగి చూశాడు. అతని వంతు అయ్యాక, అక్క ఇంటి వెనక, ఒక గది వెడల్పున గడ్డి అలాగే నిలబడి ఉంది. అది బాలకిషన్ వంతు అనుకున్నాడు. అనుకోగానే మనసుకు జవాబు దొరికినట్టయింది, ఇంటికి నడిచాడు. బాలకిషన్ ఇంటికి తాళం వేసి, ఆలినీ పిల్లలనూ తీసుకుని భివండికి సాంచెల మీద, అదే కరెంటు మగ్గాల మీద, పనికి పోయి ఏళ్లయిందన్న సంగతి అతనికి తెలియనిదేమీ కాదు. ఆ క్షణాన తట్టలేదు, అంతే. ఆ గడ్డిని మరికొందరూ చూశారు. వాళ్లకూ తట్టలేదు.

ఎన్నికలయ్యాయి, సర్కారు మారింది. కొత్త మంత్రుల పేర్లు రేడియోలో చదువుతున్న రోజుల్లోనే, మార్గశిరంలో ఒక మధ్యాహ్నం, గుట్ట మళ్లీ అంటుకుంది. ఈసారి వాగు ఆపలేదు. కంచె మొత్తం ఒక్క ఊపులో లేచింది. వాడ జనమంతా కుండలు, బిందెలు పట్టుకుని బయటికొచ్చి నిలబడ్డారు. మంట, గీకిన నేల దాకా వచ్చి, అక్కడ తినడానికేమీ లేక, పొట్టిదై చచ్చిపోతుంటే సత్యవ్వ చేతులు జోడించింది. దశరథం మాత్రం అప్పటికే పరుగెత్తుతున్నాడు. పొగను చూశాక గానీ ఆ మిగిలిన గడ్డి అతని కళ్ల ముందుకు రాలేదు.

బాలకిషన్ వంతులోంచి మంట దర్జాగా లోపలికొచ్చింది. శంకరవ్వ ఇంటి తాటాకులు అందుకుంది. నేలలో పాతిన గుంట మగ్గాన్ని ఎవరు పెరికి తెస్తారు? మొన్ననే ఎక్కించిన పడుగు నూలుతో సహా కాలిపోయింది. జనం లాక్కొస్తుంటే శంకరవ్వ బయటికొచ్చింది. చేతిలో ఉన్నది నూలు అటూ ఇటూ విసిరే నాడె ఒక్కటే.

తెల్లారేసరికి జీపులొచ్చాయి. గెలిచినవాళ్లు, ఓడినవాళ్లే కక్షతో ఒక బీదరాలి ఇంటి వెనక గడ్డి వదిలేయించారన్నారు. ఓడినవాళ్లు, ఇదీ కొత్త సర్కారు తొలి కానుక అన్నారు. ఆ వంతు ఎవరిదని జమేదారు అడిగాడు. అదే మాట జలపతి చాటుగా అడిగాడు. దశరథం చూస్తున్నది కాలిన ఇంటి గోడకానుకుని కూర్చున్న అక్కనే. జనం పలచబడ్డాక ఆమె తల ఎత్తింది.

“నీ వంతు పక్కదే గదరా అది. సూడలేదా?”

“సూసిన అక్కా.”

“మరి?”

“బాలకిషన్ వంతనుకున్న.”

అక్క తిడుతుందనుకున్నాడు, తిట్టినా బాగుండేది. ఆమె గొంతులో అలుపు తప్ప మరేమీ లేదు.

“దొర పోయి ఇన్నేండ్లాయె తమ్మీ. ఆయన పెట్టిన వంతులు నువ్వు ఇంకా కాపాడుతున్నవా?”

కొడవలి నేలకేసి కొట్టిన ముచ్చట ఆ రోజు నుంచి దశరథం మళ్లీ చెప్పలేదు. ఎవరైనా ఎత్తినా సత్యవ్వ మాట మార్చేది. ఆ వారమే అక్కను ఇంటికి తెచ్చుకుని తన మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు. ఆమె వద్దంది, అతను వినలేదు. కరెంటు సాంచెల మీద నేసేది బట్ట కాదని ఇన్నాళ్లు వెక్కిరించినవాడే, సద్దిమూట కట్టించుకుని సిరిసిల్లకు, ఆ సాంచెల మీద పనికే బయల్దేరాడు. పోయేముందు కంచె అంచున ఆగి, నల్లటి నేలలో కాలితో వెతికి, దొర మనిషి పాతిన రాయిని పట్టుకున్నాడు. దాన్ని పెకిలించి తెచ్చి సత్యవ్వ ముందు పడేశాడు.

“వచ్చే యేడు మన వంతు ఎక్కడిదాకా అని ఎవలన్న అడిగితే, అక్క గోడ దాకా అని చెప్పు.”

సత్యవ్వ ఆ రాయిని తీసి నీళ్ల కుండ కింద పెట్టింది. లోపల శంకరవ్వ నేత మొదలుపెట్టింది. తనది కాని మగ్గం కదా, చెయ్యి ఇంకా కుదరడం లేదు.