పొట్టమీది వరి

వరి పొట్టమీదుంది. అలాంటి వరిని పట్టపగలు, ఊరంతా చూస్తుండగా కోశారు.

రెంతెప్ గట్టు మీద నిలబడి చూసింది. ముందురోజే ఆమె మామ గెజిర్ ఆ మడి మూలనున్న వెదురు గుడి ముందు పుల్లమామిడి ముక్కలు, ఉప్పూకారం పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు. కడుపుతో ఉన్న మనిషికి పులుపు మీదికి మనసు పోతుంది, పొట్టకొచ్చిన వరికీ అంతే. కెలబాన్ ఊళ్లో అది వరితల్లి దేవి శ్రీకి సీమంతం. ఆ ముక్కలు వడలకముందే రిసార్టు వాళ్ల మిషన్లు మడిలో దిగాయి. పాలు కూడా పట్టని లేత కంకులు బురదలో పడ్డాయి. ముందున్న మిషను పట్టింది రెంతెప్ కన్నకొడుకు విర్తా.

"ఎందుకు కోస్తున్నారయ్యా?" అని గెజిర్ అడిగాడు. ఆ లోయలో మడిమడికీ నీళ్లు పంచే పెద్ద ఆయనే.

రిసార్టు తోటల మేనేజర్ హర్జోనో మర్యాదస్తుడు. మర్యాదగానే చెప్పాడు. "డిజైన్‌లో ఈ మడులు ఎప్పుడూ పచ్చగా ఉండాలి తాతగారూ. పండితే పచ్చదనం పోతుంది. పండాక కోస్తే ఎండు కొయ్యకాళ్లు మిగులుతాయి. అందుకే ఇప్పుడే కోసేసి వెంటనే మళ్లీ నాటిస్తాం, మీవాళ్లకే పని."

"మరి తినేదెప్పుడు?"

"ఇది తినడానికి కాదండీ. చూడ్డానికి."

ఈ మడుల్ని రిసార్టు కంపెనీకి కౌలుకిచ్చిన రోజు ఊరంతా కలిసి ఒకే ఒక్క షరతు పెట్టింది. ఇక్కడ ఎప్పటికీ వరే ఉండాలి, మడుల్లో కట్టడాలు లేవకూడదు. కంపెనీ మారుమాట లేకుండా ఒప్పుకుంది. గెలిచామనుకుని ఊరు పందిని కోసి పండగ చేసుకుంది. కంపెనీ ఈనాటికీ మాట తప్పలేదు. వరే ఉంది, పండటమే లేదు. దోచుకునేవాడు మన షరతుకు నవ్వుతూ ఒప్పుకున్నాడంటే అందులో మనకు కనబడని బొక్క వాడికి కనబడిందన్నమాట. చదువుకునే తమ్ముళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఆ సాయంత్రం చావడిలో చెక్కడోలు మోగింది. ఇంటికొకరు కాదు, ఇంటిల్లిపాదీ వచ్చారు.

"బాగా కోశాడు రెంతెప్ కొడుకు. చెయ్యి తిరిగినవాడు," అంది పక్కింటి సుద్రి.

విర్తా తలెత్తాడు. "నేను కొయ్యకపోతే పక్క దీవి నుంచి కూలోళ్లని తెస్తారు పిన్నీ. పని పోతే మా పొయ్యి ఎవరు వెలిగిస్తారు?"

"వెలిగిద్దువుగానీ, దాని మీద ఏం ఉడకేస్తావురా? డిజైనా?"

కొందరు నవ్వారు. విర్తా నవ్వలేదు. రెంతెప్ కొడుకు వైపు చూడలేకపోయింది.

"సంతకాలు పెట్టాం. కోర్టుకెళ్తే మన మెడకే చుట్టుకుంటుంది," అన్నాడొకడు.

గెజిర్ చాలాసేపు విని లేచాడు. "భూమి ఇచ్చాం. కడుపులో ఉన్నదాన్ని చంపమని ఇవ్వలా. మళ్లీ పొట్టకొచ్చిన రోజున నేను మడిలో కూర్చుంటా. ఎవరొస్తారో మీ ఇష్టం."

కంపెనీ మళ్లీ నాటించింది. వరి మళ్లీ పొట్టకొచ్చింది. ఆ పొద్దున ఊరంతా పుల్లమామిడి పళ్లేలతో వచ్చి గట్ల మీద బారులుగా కూర్చుంది. గెజిర్ మోకాలి లోతు బురదలో మిషన్లకు ఎదురుగా కూర్చున్నాడు. పైన రిసార్టు వరండాల్లోంచి అతిథులు, ఏదో పండగ కాబోలనుకుని, ఫోటోలు తీసుకున్నారు.

మిషను పట్టుకుని విర్తా తాత ముందు ఆగాడు.

"కొయ్యరా నాయనా," అన్నాడు గెజిర్. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మకీ ఇదే మామిడిచెట్టు కాయలు తెచ్చిపెట్టా."

విర్తా మిషను ఆపేశాడు. మిగతావాళ్లూ ఆపారు. కంపెనీ పిలిపించిన పోలీసులు ముసలాయన్ని రెక్కలు పట్టి బురదలోంచి ఈడ్చుకుపోయారు. అడ్డం పడ్డ ఆడవాళ్లను లాఠీలతో నెట్టారు.

రెండోనాడు స్టేషన్ నుంచి గెజిర్ శవం వచ్చింది. గుండె ఆగిందన్నారు. వీపు మీద కమిలిన మచ్చల సంగతి ఎవరూ చెప్పలేదు. ఒంటికి నీళ్లు పోస్తూ రెంతెప్, మామ గోళ్లలోని బురద కడగబోయి ఆగింది. అది ఆయన మడి బురద. ఆమె కడగలేకపోయింది, అక్కడే కూలబడి ఏడ్చింది.

చావు కబురు పేపర్లకెక్కేసరికి కంపెనీ మిషన్లను లోపల పెట్టింది. ఆడవాళ్లు వంతులేసుకుని మడులు కాశారు. వరి పాలుపోసుకుంది, గింజ గట్టిపడింది, లోయంతా బంగారు రంగు తిరిగింది. కెలబాన్ ఆ రంగు చూసి ఎన్నాళ్లయిందో. చూడాల్సిన మనిషి మట్టిలో ఉన్నాడు.

అప్పుడు హర్జోనో వచ్చి చెప్పాడు. "పంట కంపెనీది. ముట్టుకుంటే దొంగతనం కింద కేసు."

కోతనాడు పోలీసులు గట్ల మీద కాపలా నిలబడ్డారు. కొడవళ్ల కోసం బుట్టలు వెతికారు. ఒక్కటీ దొరకలేదు. ఆ ఊళ్లో ఆడవాళ్లు ఆ వరిని కొడవలితో కొయ్యరు, అరచేతిలో ఇమిడిపోయే చిన్న కత్తితో కంకీకంకీ తెంపుతారు. కత్తి కంటపడితే దేవి శ్రీ బెదురుతుందని, దాన్ని గుప్పిట్లో దాచి కొయ్యడం తల్లులు నేర్పిన పద్ధతి.

రెంతెప్ గుప్పిట మూసుకుని మామ మడిలో దిగింది. ఒక కంకి తెంపింది. ఇంకో కంకి తెంపింది. చేతినిండా అయ్యేసరికి పోలీసులు వచ్చి జబ్బ పట్టుకున్నారు. ఆమె పెనుగులాడలేదు. గట్టు మీద కొడుకు పక్కగా వెళ్తూ అతని చేతిలో చెయ్యి పెట్టి తీసింది.

విర్తా గుప్పిట మూశాడు. అది ఆడవాళ్ల కత్తి, మగవాడు ముట్టడం ఆ ఊరు ఎరగదు. అతను మడిలోకి దిగాడు. వెనకాలే సుద్రి దిగింది, ఆమె వెనక చావడిలో కోర్టు భయం చెప్పినవాడు దిగాడు. బురదలో ఇంకా అడుగుల చప్పుడు వినబడుతూనే ఉంది.

పోలీసు వ్యాను కిటికీ ఊచల్లోంచి రెంతెప్ గొంతు వచ్చింది.

"మెల్లగా తెంపురా. గింజ రాల్తుంది."