ట్యూషన్‌కెళ్లిన గుడ్డుపిల్ల

బడి వదిలిన కాసేపటికే అపార్ట్‌మెంట్ల నూట మూడో బ్లాకు కింద లైబ్రరీ గుమ్మం ముందు చెప్పులు గుట్టపడేవి. కున్‌సాన్ రేవు మీంచి వచ్చే గాలికి చెవులు ఎర్రబడ్డ పిల్లలు లోపలికి దూరి, వెచ్చటి నేల మీద బోర్లా పడి పుస్తకాలు తెరిచేవాళ్లు.

కిటికీ పక్క అల్మరా నిండా దయ్యాల కథలే. పది పన్నెండేళ్ల పిల్లల కోసం రాసినవి. బడి మరుగుదొడ్డి మూడో తలుపు వెనక పలికే గొంతూ, లేని అంతస్తులో ఆగే లిఫ్టూ, అలాంటివన్నమాట. చదివీ చదివీ అట్టలన్నీ టేపు అతుకులే. ఆ పుస్తకాలతోపాటు వచ్చిన మొహం లేని పిల్ల కూడా ఆ అల్మరా పక్కనే కూర్చునేది. కళ్లూ ముక్కూ నోరూ ఉండాల్సిన చోట ఒలిచిన కోడిగుడ్డులా నున్నగా ఉండేది. పిల్లలంతా గుడ్డు అని పిలిచేవాళ్లు. "గుడ్డూ, కాస్త జరుగు" అంటే జరిగేది.

అయిదో తరగతి దాసోమ్‌కి ఆ అల్మరా అంటే ప్రాణం. కాలివేళ్లు గౌను కిందికి ముడుచుకుని, రాబోయే వాక్యం కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక్కో వరసే బయటపెట్టుకుంటూ చదివేది.

"అమ్మమ్మా, చూడు, వెంట్రుకలెలా లేచాయో!" అని చెయ్యి చాపేది.

"భయపడ్డానికే వచ్చి భయమేస్తోందని గోలేంటే? తిప్పు పేజీ," అనేది బున్‌రే. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరై, ఈ లైబ్రరీ చూసుకుంటున్న మనిషి, పిల్లలందరికీ అమ్మమ్మే. హారన్ బస్సుతో పోయినా గొంతు మిగిలిందని బ్లాకులో అందరూ అనుకునేవాళ్లు.

దాసోమ్ వాళ్లమ్మ మ్యోంగ్‌హీకి ఆ అల్మరా అంటే ఒళ్లుమంట. బ్లాకు తల్లుల సంఘానికి ఆవిడే పెద్ద. ఒక మంగళవారం చెవికి ఫోను ఆనించుకునే లోపలికొచ్చింది. "అవునండీ, మళ్లీ ఇక్కడే ఉంది, మళ్లీ ఆ చెత్తే..." అని ఎవరితోనో అంటూ, అల్మరా పక్కన చేతికందిన చెయ్యి పట్టుకుని బరబరా ట్యూషన్‌కి ఈడ్చుకుపోయింది. ఆ చెయ్యి గుడ్డుది.

దాసోమ్ మొదట పడీపడీ నవ్వింది.

ఇంటికెళ్లేసరికి గుడ్డు ట్యూషన్ నుంచి వచ్చి, దాసోమ్ బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేస్తోంది. "కదలకుండా అక్కడే తిను," అంటూ మ్యోంగ్‌హీ తల తిప్పకుండానే అన్నం గిన్నె లోపలికి తోసి వెళ్లింది. గుడ్డుకి నోరు లేదు కాబట్టి దాసోమ్ తింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. రోజూ గుడ్డు ట్యూషన్‌కి వెళ్లేది, దాసోమ్ లైబ్రరీలో పుస్తకం వెంట పుస్తకం చదివేది. అంత హాయి ఆ పిల్ల ఎన్నడూ ఎరగదు. ట్యూషన్ పరీక్షలో గుడ్డుకి నూటికి నూరొచ్చాయి. "ఇన్నాళ్లకి దారిలో పడ్డావు," అని మ్యోంగ్‌హీ గుడ్డు తల నిమిరింది. తలుపు దగ్గర నిలబడి దాసోమ్ చూసింది. ఆ రోజు నుంచీ పుస్తకంలో వరసలు సరిగా సాగేవి కావు. వాక్యం మధ్యలో తలెత్తి గుమ్మం వైపు చూసేది.

పన్నెండో రోజున మ్యోంగ్‌హీ ఇద్దరు తల్లుల్ని వెంటేసుకుని లైబ్రరీకి వచ్చింది.

"సోమవారంకల్లా ఈ అల్మరా ఖాళీ అవ్వాలి. సంఘం తీర్మానం," అంది.

"సంఘం ఒక్క పుస్తకమైనా చదివిందా?" అంది బున్‌రే.

"పెంట అని తెలియడానికి తిని చూడాలా? పిల్లలు పీడకలలొచ్చి లేస్తున్నారు."

"లేవనీ. మేలుకున్న పిల్లని చూడ్డానికి అమ్మంటూ ఒకతి ఉండాలిగా."

"మీరు బస్సు నడుపుకున్నవాళ్లు. పిల్లల పెంపకం మీకేం తెలుసు?"

"రోజూ వెయ్యి మందిని ఎక్కించుకున్నాను, దాసోమ్ వాళ్లమ్మా. అద్దంలోంచే అయినా ఒక్కొక్కరి మొహం చూశాను."

మ్యోంగ్‌హీ విసురుగా పక్కకి తిరిగింది. కాలి దగ్గర దాసోమ్ బోర్లా పడుకుని, పుస్తకం మీంచి తలెత్తి ఆవిడనే చూస్తోంది.

"ఏ ఇంటి పిల్లవి నువ్వు? సరిగ్గా కూర్చో. మీ అమ్మ ఏమీ అనదా?"

బున్‌రే నోరు తెరవబోయింది. దాసోమ్ లేచి, ఆవిడ చేతిని గట్టిగా పట్టుకుని ఆపింది.

"అంటుందండీ. నన్ను కాదు," అంది.

తల్లులు వెళ్లిపోయాక దాసోమ్ బున్‌రే ఫోను అడిగి తీసుకుని, దూరాన కోజే ఊళ్లో ఓడల కార్ఖానాలో వెల్డింగు పనిచేసే నాన్నకి చేసింది. "నాన్నా, నేను నీ దగ్గరికి వచ్చేస్తా."

"మరి అమ్మ దగ్గర ఎవరుంటారు?"

"ఉన్నారు."

శనివారం నాన్న వచ్చాడు. గదిలో ఇద్దరు పిల్లల్నీ చూశాడు. దాసోమ్ చెవి మెల్లగా మెలేసి, "చిక్కిపోయావేమే, సంచీ సర్దుకో," అన్నాడు. అల్మరా ఖాళీ చేస్తూ బున్‌రే ఇచ్చిన పుస్తకాలన్నీ దాసోమ్ సంచీలో కుక్కుకుంది. బట్టలకి చోటు చాలలేదు. వంటింట్లోంచి మ్యోంగ్‌హీ, "తలుపు చప్పుడు చెయ్యకండి, పిల్ల చదువుకుంటోంది," అని అరిచింది.

కోజేలో వసంతం వచ్చింది. కొత్త బళ్లో దాసోమ్ చుట్టూ కథలు వినే గుంపు తయారైంది. ప్రతి ఆదివారం మ్యోంగ్‌హీ మొగుడికి ఫోను చేసి, మళ్లీ మొదటి ర్యాంకు అని చెప్పేది. ఎదురుగా కూర్చుని నూడుల్స్ లాగుతున్న కూతుర్ని చూస్తూ అతను, "అలాగా, మంచిది," అనేవాడు.

ఒక ఆదివారం ఆవిడ ర్యాంకు సంగతి ఎత్తలేదు.

"ఇది నవ్వితే ఎలా ఉంటుందో నీకు గుర్తుందా?" అని అడిగింది. "పొద్దుట్నుంచీ గుర్తు తెచ్చుకుంటున్నాను. రావట్లేదు."

నాన్న ఫోను దాసోమ్‌కి ఇచ్చాడు.

దాసోమ్‌కి నవ్వు రాలేదు, కోపం ఇంకా తగ్గలేదు. ఒళ్లో తెరిచి ఉన్న పుస్తకం వైపు చూసి, చదవడం మొదలుపెట్టింది. "లిఫ్టు ఆగింది. తలుపులు తెరుచుకోలేదు. బయటినుంచి ఎవరో గోటితో గీరుతున్నారు..."

అవతల ఊపిరి ఆగింది.

"ఎవరు? ఎవరది?" అంది మ్యోంగ్‌హీ. దాసోమ్ చదువుతూనే ఉంది. అయిదో వాక్యం దగ్గర ఆవిడ గొంతు మారింది. "ఇంకా ఆ చెత్తేనా చదువుతున్నావు?"

దాసోమ్ నోరు మూసుకుంది. అమ్మ ఫోను పెట్టేస్తుందని చూసింది. పెట్టెయ్యలేదు.

"ఆగావేం?" అని కసిరింది వాళ్లమ్మ. "తలుపు తెరుచుకుందా, లేదా?"