చింతపండుతో తోమిన బిందెలు

సమూయేలు కుడి ముక్కులో ఎక్కించిన దారం ఎడమ ముక్కులోంచి బయటికొచ్చింది. పూత షెడ్డు గేటు దగ్గర కంట్రాక్టరూ, అతని చుట్టాలిద్దరూ కుర్చీలేసుకుని చూస్తున్నారు. షెడ్డు లెక్కలు రాసే మునిషీ హరిబాబు ఇంకోసారి లాగమన్నాడు. సమూయేలు లాగాడు. చుట్టాలు నవ్వారు. గ్లాసుడు టీ ఇచ్చి పంపేశారు.

బోరు దగ్గర నీళ్లు పడుతున్న ఇందు ఇదంతా చూసింది.

ఇనప సామాన్లకు క్రోమ్ పూత వేసే షెడ్డు అది. తొమ్మిదేళ్లు పూతమందు తొట్టి మీద వంగి పనిచేస్తే ఆ ఆవిరి సమూయేలు ముక్కు దూలాన్ని తినేసింది. తొట్టి కడిగిన నీళ్లు కాలువ పట్టి వచ్చి ఓల్డ్ సెటిల్‌మెంట్ పేట వెనక వీధి బోరు పక్కనే ఇంకుతాయి. నలభై ఇళ్లకు ఆ బోరే గతి. పిల్లల చేతుల మీద పుళ్లు మానవు. నీళ్లలో ఏమీ లేదని రిపోర్టు ఉందంటాడు హరిబాబు. అతనూ ఈ వీధిలో పుట్టినవాడే. ఇప్పుడు ట్రాఫిక్ అనే పేటలో ఉంటాడు, అక్కడి కుళాయి నీళ్లు తాగుతాడు.

ఇందు శ్రీకాకుళం పక్క పల్లెలో పదో తరగతి చదివి ఈ వీధిలో ఉన్న మేనమామ గోవిందరావు ఇంటికొచ్చింది. ఒక కాలేజీ లేబ్‌లో గాజు సామాను కడిగే కంట్రాక్టు పని. నోట్లోంచి మాట రాదు గానీ కళ్లు మాత్రం దేన్నీ వదలవు. అక్కడ పరిశోధన చేసే జాయ్ నిమ్మరసంలో చిటికెడు యూరియా కలిపి, గోధుమరంగు తిరిగేదాకా కాచి, నీళ్లలో కరిగించి వడకట్టేది. అందులో కంటికి ఆనని కార్బన్ నలుసులుంటాయట. చూడ్డానికి పలచటి డికాషన్. దొంగనోట్లు పట్టే టార్చి వేస్తే నీలంగా వెలుగుతుంది. క్రోమియం ఉన్న నీళ్లు నాలుగు చుక్కలు పడితే ఆ వెలుగు చచ్చిపోతుంది. ఇందు అడిగితే జాయ్ ఒక చిన్న సీసాడు ఇచ్చింది.

గోవిందరావు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన యూనియన్ మనిషి. అతని వరండాలో మీటింగ్ జరిగింది. షెడ్డు మూతపడితే మా పొయ్యిలో పిల్లి పడుకుంటుందని పూతపనివాళ్లు గొడవపడ్డారు.

"షెడ్డు మూయమన్లేదురా. కాలువ మూయమందాం. మంచినీళ్లు ఇమ్మందాం. అదీ అడగలేకపోతే మనకి నోరెందుకు?" అన్నాడు గోవిందరావు.

పగటి వెలుతురులో నీలం కనపడదు. అందుకని ఇందు దుప్పటి కప్పుకుని టార్చి వేస్తే, ఒక్కొక్కరే తల దూర్చి చూశారు. ట్రాఫిక్ కుళాయి నీళ్లు కలిపిన గాజు గొట్టం నీలంగా ఉంది. బోరు నీళ్లు కలిపింది నల్లబడింది. ఇందు అత్తా అని పిలిచే పక్కింటి అప్పలనర్సమ్మ దుప్పట్లోంచి తల బయటికి తీసింది.

"నా మనవరాలికి పాలపొడి ఆ నీళ్లలోనే కలిపినానే," అంది.

నలభై ఇళ్లూ ఫిర్యాదు మీద సంతకాలు పెట్టాయి. కాలుష్యం ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా ఒక ఆఫీసరు ఆదివారం వస్తానన్నాడు, అందరి ముందూ పరీక్ష చూస్తానన్నాడు.

ఆఫీసరొస్తున్నాడంటే వీధి ఊరుకుంటుందా. బోరు చుట్టూ ముగ్గులేశారు. అప్పలనర్సమ్మ పెళ్లినాటి ఇత్తడి బిందెలు దించి, చింతపండు పెట్టి తోమి, నీళ్లు పొదుపని ఒక్కసారే తొలిచి, బంగారంలా వరసగా పెట్టింది. ఇందు ఆ బిందెలు చూసి ఆగిపోయింది. ఒకసారి లేబ్‌లో గాజు బీకరు బదులు లోహపు గ్లాసు వాడినందుకు జాయ్ కేకలేసింది. రాగికి కూడా ఆ వెలుగు ఆరిపోతుందని చెప్పింది. ఇత్తడిలో ఉండేదీ రాగే. అప్పలనర్సమ్మ మొహంలో అంత సంబరం. పెద్దది, ఎలా చెప్పడం? ఇందు నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది.

బిందెలో పట్టిన బోరు నీళ్లకు వెలుగు ఆరింది. జనం గోల చేశారు. అప్పుడు హరిబాబు తాపీగా ముందుకొచ్చి, డబ్బాతో తెచ్చిన ట్రాఫిక్ నీళ్లు పక్క బిందెలో పోయించాడు. ఆఫీసరు టీ తాగేదాకా ఆ నీళ్లను బిందెలోనే ఉండనిమ్మన్నాడు. ఆ నీళ్లకూ వెలుగు ఆరిపోయింది.

"సూసినారా, మా కుళాయిలో కూడా విషమేనంట," అన్నాడు. కంట్రాక్టరు మనుషులు పడీపడీ నవ్వారు.

ఫిర్యాదు నిరాధారమని ఆఫీసరు రాసుకుపోయాడు. ఆ కాగితం షెడ్డు గేటుకు అంటించారు. సంతకం పెట్టిన తొమ్మిదిమంది పూతపనివాళ్లను రావద్దన్నారు. అందులో సమూయేలు ఒకడు. లేబ్ సరుకు బయటికి మోసిందని ఇందును పనిలోంచి తీసేశారు. తానే ఇచ్చానని జాయ్ నోరు తెరవలేదు. ఆమెకు డిగ్రీ రావాలి.

రెండో మీటింగ్‌కి సగంమందే వచ్చారు. ఈ గుంటపిల్ల మాట విని మునిగిపోయామని ఆడవాళ్లు తిట్టారు. ఇందు లేచి నిలబడింది.

"తప్పు వెలుగుది కాదు, బిందెలది. చింతపండు రాగిని లాగుతాది. నాకు తెలుసు. సూసి కూడా సెప్పలేదు."

అప్పలనర్సమ్మ ఆమెను తేరిపార చూసింది. "నాకు బాధ కలగతాదనా? ఆ నీళ్లు తాగితే కలగదేటే?"

సమూయేలు, ముక్కు నుంచి గాలి ఈలలా వస్తుంటే, మళ్లీ ఆఫీసుకు వెళదామన్నాడు. ఈసారి గాజులో. ఏమొస్తుందని ఎవరో అడిగారు. "ఏటీ రాదు. ఎల్దాం," అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఆఫీసు ముందు వరసగా నిలబడ్డారు. పచ్చడి సీసాలు, దగ్గుమందు సీసాలు, సారా సీసాలు, అన్నిట్లో బోరు నీళ్లు. ఆఫీసరు బయటికి రాలేదు. పోలీసులొచ్చారు. గోవిందరావును, సమూయేలును, ఇందును వ్యానెక్కించారు. జాయ్ ఇచ్చిన చిన్న సీసాను కానిస్టేబుల్ మూత తీసి వాసన చూసి రోడ్డు పక్క కాలువలో ఒంపేశాడు.

అదే ఆఖరుది. ఇందు వ్యాను కిటికీ జాలీ పట్టుకుంది. ఆమె గొంతు అంత పెద్దగా వీధి ఎప్పుడూ వినలేదు.

"అత్తా, నిమ్మకాయల రసం తియ్యి. చిటికెడు యూరియా. నల్లగా మాడనీకు, గోధుమరంగు రాగానే దించు. నీళ్లు కలిపి గుడ్డలో వడకట్టు. గాజులోనే కాయాల. గాజులోనే పట్టాల."

వ్యాను కదిలింది. షెడ్డు పొగ అలాగే లేస్తోంది. కాలువ అలాగే పారుతోంది. అప్పలనర్సమ్మ తన సీసాను మిగతా సీసాల పక్కన మెట్ల మీద పెట్టి, కొంగు బిగించి, నిమ్మకాయల కోసం గోల్‌బజార్ వైపు నడిచింది. ఆమె వెనక నలుగురు ఆడవాళ్లు, మరిచిపోకుండా ఒకరికొకరు అప్పజెప్పుకుంటూ నడిచారు. గోధుమరంగు రాగానే దించాల. గాజులోనే కాయాల. గాజులోనే పట్టాల.