ప్రార్థనలో ఉంది

ఆపరేషన్ తేదీ పోయిన రోజు బుధవారం. కెనడాలోని మిల్టన్‌లో నేను పాఠాలు చెప్పే బడిలో అప్పుడే రీసెస్ గంట కొట్టారు. పిల్లలు స్నో ప్యాంట్లు తొడుక్కోవడానికి తంటాలు పడుతున్నారు. ఒక పాప కోటు జిప్పు పైకి లాగుతుండగా ఫోన్ మోగింది. ఆస్పత్రి నుంచి.

"మీ తేదీ వేరే పేషెంటుకి ఇచ్చాం. మీరు సిద్ధమయ్యాక మళ్ళీ ఫోన్ చేయండి," అంది నర్సు నెమ్మదిగా.

నేను వాయిదా అడగలేదన్నాను.

"మీ హస్బెండ్‌తో మాట్లాడాం. ఇంకా ప్రార్థన చేస్తున్నామని, టైమ్ కావాలని అన్నారు. అలాంటప్పుడు మేం ఎవర్నీ తొందరపెట్టం."

క్లాసులో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తలేను కాబట్టి, నా బదులు మాట్లాడడానికి ఆయన పేరు ఇచ్చింది నేనే. నర్సు తప్పేమీ లేదు. థాంక్స్ చెప్పి పెట్టేశాను. జిప్పు సగంలో ఆగి ఉంది. మిగతా సగం లాగి పాపను బయటికి పంపాను.

అది బరువు తగ్గడానికి చేసే ఆపరేషన్. పొట్టలో చాలా భాగం తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా కుట్టేస్తారు. నాకు సుగర్ ఉంది. రాత్రిళ్ళు ఊపిరి ఆగకుండా మాస్కు పెట్టుకుని పడుకుంటాను. మా అక్క రూతమ్మదీ నా ఒళ్ళే. పెళ్ళిళ్ళు కాకముందు ఒకరి జాకెట్లు ఒకరం వేసుకునేవాళ్ళం. కిందటేడు నర్సాపురంలో పోయింది. యాభై నిండలేదు. మా ఆయన సువార్తరాజు అప్పుడు సెలవు మీద అక్కడే ఉన్నారు. నిద్రలోనే పోయిందని ఆయనే ఫోన్ చేసి చెప్పారు. భూస్థాపన నేను ఫోన్లో చూశాను. ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఈ ఆపరేషన్ సంగతి అడిగాను.

ఆయన్ని ఒప్పించడానికి చాలా కాలం పట్టింది.

"తిండి తగ్గిస్తే పోయేదానికి పొట్ట కోయించుకుంటానంటావేంటి జయా? దేవుడిచ్చిన పొట్ట అది."

"దేవుడిచ్చిన పన్ను పుచ్చితే మీరు పీకించుకోలేదా?"

"పన్నూ పొట్టా ఒకటేనా!"

తిండి తగ్గించమనే ఆయనే ప్రతి ఆదివారం ఇంటిని హోటల్ చేసేవారు. ఆ రెండు మూడేళ్ళలో ఇండియా నుంచి విద్యార్థులు వరదలా వచ్చారు. మా చర్చి సంఘంలో కుర్చీలు చాలక గోడల వెంట నిలబడేవారు. ఆరాధన అయ్యాక ఆయన దొరికినవాళ్ళనల్లా కారెక్కించుకొచ్చేవారు. "మీ ఆంటీ చేతి బిర్యానీ తినండ్రా, అమ్మ గుర్తురాకపోతే నన్నడగండి," అనేవారు. మా బేస్‌మెంటులో అద్దెకుండే కాకినాడ అమ్మాయి జెస్లిన్ వడ్డించడానికి పైకొచ్చేది.

ఒకరోజు ఆయన్ని నాతో క్లినిక్‌కి తీసుకెళ్ళాను. అక్కడి నర్సు ప్లాస్టిక్ పొట్ట బొమ్మ విప్పి చూపించింది. ఆయన బొమ్మను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. ఆపరేషన్‌లో మనిషి పోతాడా అని అడిగారు. చాలా అరుదని ఆమె చెప్పింది. తిరిగొస్తూ 401 హైవే మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, ముందున్న లారీ వైపే చూస్తూ, "సరేలే. నీకు ధైర్యం ఉంటే నాకూ ఉన్నట్టే," అన్నారు. నేనొకటే అడిగాను. ఎవరికీ చెప్పొద్దని. నా ఒంటి గురించి నలుగురూ మాట్లాడుకోవడం నాకిష్టం లేదు. "నేనెవరికి చెప్తాను?" అన్నారు.

ఆపరేషన్‌కి ముందు ఘనాహారం మానేసి ప్రోటీన్ షేకులే తాగాలి. అవి మొదలుపెట్టాను. ఆదివారం బిర్యానీ మాత్రం ఆపలేదు. ఉప్పు చూడ్డానికి జెస్లిన్‌ని పిలిచేదాన్ని.

ఫోన్ వచ్చిన బుధవారం సాయంత్రం ఆయన చెప్తారని ఎదురుచూశాను. చెప్పలేదు. నేనూ అడగలేదు. తనంతట తను చెప్తే అది ఒక మాట, నేను అడిగాక చెప్తే అది ఇంకో మాట. గురువారం ఉదయం షేక్ ఆయనే కలిపి, గ్లాసు నా చేతికిచ్చారు.

"తాగెయ్ జయా. ఇంకెన్నాళ్ళో లేదుగా."

తాగాను. గ్లాసు కూడా ఆయనే కడిగి పెట్టారు.

శుక్రవారం ప్రార్థనకి మా ఇంట్లో గృహ కూడిక. హాలంతా ఆ స్టూడెంట్ పిల్లలే, గుమ్మం నిండా బూట్లు. పాటలయ్యాక పాస్టరుగారు స్తుతి అంశాలు చెప్పమన్నారు. ఒకరు వర్క్ పర్మిట్ వచ్చిందన్నారు. ఒకరు డ్రైవింగ్ టెస్ట్ పాసయ్యానన్నారు. "ఎన్నోసారిరా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. తర్వాత జెస్లిన్ లేచింది.

"జయమణి ఆంటీకి ఆపరేషన్ లేకుండా చేసినందుకు దేవునికి స్తోత్రం. అంకుల్ చెప్పినప్పటి నుంచి కత్తి పడకుండా ఉండాలని మేమందరం శుక్రవారాలు ఉపవాసం ఉన్నాం. దేవుడు విన్నాడు."

"స్తోత్రం," అన్నారు అందరూ.

ఆదివారం నా చేత్తో తిన్న పిల్లలు శుక్రవారం నాకు వ్యతిరేకంగా పస్తులున్నారు. ప్రేమతోనే ఉన్నారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు.

అందరూ వెళ్ళాక వంటింట్లో అడిగాను.

"ఎవరికీ చెప్పొద్దన్నాను కదండీ."

"మనుషులకి చెప్పలేదు. దేవుడికి చెప్పుకున్నాను."

"మైకులోనా?"

ఆయన బల్ల మీది గుడ్డ అందుకున్నారు.

"నా తేదీ ఎందుకు తీసేయించారు?"

"నేను తీసెయ్యమనలేదు జయా. ఒట్టు. వాళ్ళు ఫోన్ చేసి రెడీయేనా అన్నారు. ప్రార్థనలో ఉంది, టైమ్ కావాలి అన్నాను, అంతే. తెల్లవాళ్ళకి అది ఇంకోలా అర్థమైతే నేనేం చెయ్యను?"

మా సంఘాల్లో ఎవరూ ఎవరికీ కాదని చెప్పరు. సంబంధం నచ్చకపోతే ప్రార్థనలో పెడతామంటారు. కిందటి సెప్టెంబరులో బేస్‌మెంటులో ఇంకో మంచం వేయమని ఒక కుర్రాడు అడిగితే ఈయనే, "ప్రార్థనలో పెడదాం బాబూ," అన్నారు. ఆ కుర్రాడు గుమ్మం దిగుతూనే వేరే గది కోసం ఫోన్లు మొదలుపెట్టాడు.

"వాళ్ళకి సరిగ్గానే అర్థమైందండీ," అన్నాను.

ఆయన కుర్చీలో కూర్చున్నారు. చాలాసేపు బల్ల మీద గుడ్డతో తుడిచిన చోటే తుడిచారు.

"రూతమ్మక్క నిద్రలో పోలేదు," అన్నారు. "ఛాతీలో నొప్పంటే భీమవరం తీసుకెళ్ళాను. స్టెంట్ వెయ్యాలన్నారు. అక్క భయపడింది. ఏం కాదక్కా, సాయంత్రానికి ఇంటికెళ్ళిపోదాం అని సంతకం పెట్టించాను. బల్ల మీదే పోయింది. తిరిగొచ్చేటప్పుడు ఆంబులెన్సులో ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"అంత దూరంలో ఒక్కదానివి ఉన్నావు. తట్టుకోలేవని అక్క పిల్లల్ని కూడా అలాగే చెప్పమన్నాను."

అక్క నిద్రలో వెళ్ళిపోయిందనే ఒక్క మాటను పట్టుకుని నేను ఆ ఏడాది గడిపాను. రోజూ బడికి వెళ్ళగలిగింది ఆ మాట వల్లే. ఆయన భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఆ భయం నాకు ముందే చెప్పి ఉంటే ఇద్దరం కలిసి మోసేవాళ్ళం. చెప్పకుండా నా చేతికి షేక్ గ్లాసు ఇచ్చారు.

"నాకు నువ్వు కూడా లేకపోతే ఎలా జయా?" అన్నారు.

"ఇలాగే ఉంటే బతికుంటానని ఎవరు చెప్పారండీ మీకు?"



మర్నాడు జెస్లిన్ పైకొచ్చి తలుపు దగ్గరే నిలబడింది. రాత్రి మా మాటలు కిందికి వినబడ్డట్టున్నాయి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆంటీ, మీరే వద్దనుకున్నారని అంకుల్ అన్నారు. నిజమనుకున్నా. సారీ ఆంటీ."

"నీ తప్పేం లేదమ్మా."

"మళ్ళీ డేట్ తీస్కోండి. నేనొస్తా మీతో. ఎగ్జామ్ ఉన్నా వస్తా. కాకపోతే నాకు కార్ నడపడం రాదు."

"డ్రైవింగ్ టెస్ట్ కోసం ప్రార్థన పెట్టిద్దామా?" అన్నాను. ఆ పిల్లకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకూ అంతే.

సోమవారం బడి అయ్యాక క్లినిక్‌కి ఫోన్ చేశాను. మళ్ళీ వరుసలో పెడతామన్నారు. ఇకనుంచి నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడొద్దని చెప్పాను. రాసుకున్నారు. ఆపరేషన్ రోజు వెంట వచ్చి, ఇంటికి తీసుకెళ్ళి, మొదటి రాత్రి పక్కన ఉండే మనిషి ఎవరని అడిగారు. కనుక్కుని చెప్తానన్నాను.

అన్నం తినేటప్పుడు ఆ సంగతి ఆయనకు చెప్పాను. "నా పేరివ్వు," అన్నారు ఆయన, కంచంలోంచి తలెత్తకుండా.

క్లినిక్ వాళ్ళకు నేను ఇంకా ఏ పేరూ చెప్పలేదు.