ఎర్త్ వైరు

బాయిలరు మూతకున్న నాలుగు బోల్టులూ విప్పేసరికి గిన్నె అడుగంటిన వాసన గుప్పుమంది. తాతాజీ టార్చి వేసి చూశాడు. హీటింగ్ ఎలిమెంటు చుట్టూ మాడిన మీగడ నల్లగా పేరుకుపోయి ఉంది. పోయినవారం మీటరు పెట్టి అది కాలిపోయిందని చెప్పాడు గానీ, ఎందుకు కాలిందో ఇప్పుడు తెలిసింది.

"ఇందులో పాలు పోశారేంటండీ?"

"కాఫీ అంటే పాలే కదండీ తాతాజీ గారూ! నీళ్ల కాఫీ ఎవరు తాగుతారని నేనే పోశాను" అంది సత్యకుమారి టీచరు. చెల్లెలు బెంగళూరు నుంచి పంపిన ఎస్ప్రెస్సో మెషిన్ అది.

తాతాజీకి నవ్వొచ్చింది. పాలకొల్లులో ముప్పై ఆరేళ్లుగా గీజర్లూ ఇస్త్రీపెట్టెలూ బాగుచేస్తున్నాడు, ఇలాంటి రోగం చూడటం ఇదే మొదలు. బాయిలరు గీకి, తెప్పించిన కొత్త ఎలిమెంటు దించి, వాషరు మార్చి, వైర్లు తగిలించాడు. టీచరు గారు కబుర్లు చెబుతూనే ఉంది, ఆయన ఊ కొడుతూనే ఉన్నాడు. నీళ్లు వేడెక్కాయి. ఈసారి నీళ్లే పోయమని రెండుసార్లు చెప్పి బయల్దేరాడు.

రైల్వే గేటు పడింది. స్కూటరు ఆపుకుని నిలబడ్డప్పుడు అనుమానం వచ్చింది. ఎర్త్ వైరు తగిలించానా?

ఎంత తవ్వుకున్నా గుర్తురావడం లేదు. అది లేకపోయినా మెషిన్ చక్కగా పనిచేస్తుంది. లోపల ఎక్కడైనా కారెంటు లీకైన రోజునే తెలుస్తుంది, అదీ ముట్టుకున్న మనిషికి. టీచరు గారేమో కడిగిన గచ్చు మీద చెప్పుల్లేకుండా తిరుగుతుంది.

పని నేర్పిన అచ్చిబాబు గారు ఒక గీజరుకి ఇలాగే మరిచిపోయాడు. ఆ ఇంటి కోడలు పోయింది. మర్నాడే కొట్టు మూసేసిన ఆయన మళ్లీ స్క్రూడ్రైవరు పట్టలేదు. అప్పటి నుంచి తాతాజీకి ఎర్త్ మొదట, మిగతావన్నీ తరువాత. తాతాజీ చేసిన వస్తువు షాక్ కొట్టదని ఊళ్లో అంటారు. ఆయనకున్న గర్వమల్లా అదొక్కటే.

ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. రైలు రాకముందే బండి వెనక్కి తిప్పేశాడు.

"మెషిన్ ముట్టుకోకండి!" గుమ్మంలోంచే అరిచాడు.

బియ్యం కడుగుతున్న టీచరు తడిచేతులతో అలాగే నిలబడిపోయింది. "ఏంటండీ, ఏమైంది?"

ప్లగ్గు పీకి, మెషిన్ పైమూత విప్పాడు. ఎర్త్ వైరు ఉంది. రింగు వేసి బిగించి, పైన నల్లటేపు రెండు చుట్లు చుట్టి ఉంది. అది తన పనే. పట్టి లాగితే కదల్లేదు.

"బాగానే ఉందాండీ?"

"బ్రహ్మాండంగా ఉందండి."

తగిలించినట్టు మాత్రం ఇప్పటికీ గుర్తులేదు. తప్పు దొరికి ఉంటే టీచరు గారి కబుర్ల మీదకి నెట్టేసేవాడు. చేసిన పని చేసినట్టే ఉంది, చేసిన మనిషే అక్కడ లేడు. ఈ నెలలో ఇలా వెనక్కి పరిగెత్తడం మూడోసారి. మూత బిగించి, ప్రతి స్క్రూనీ పైకి లెక్కపెట్టుకున్నాడు.

"ఇకమీదట ఏదైనా వస్తే భీమరాజుని పిలవండి టీచరు గారూ. జాగ్రత్తగా చేస్తాడు."

"మీరుండగా ఆయనెందుకండీ?"

"నేను మానేశానండి."

"అయ్యో, ఎప్పుడూ?"

"ఇప్పుడేనండి."

వేళాకోళం అనుకుని ఆవిడ నవ్వింది. కాఫీ తాగి వెళ్దురుగాని అంటూ కప్పు కోసం లోపలి గదిలోకి వెళ్లింది. వచ్చేసరికి స్కూటరు చప్పుడు వీధి మలుపు దాటిపోయింది. వంటగట్టు మీద, మెషిన్ పక్కన, ఆయన టెస్టరు ఉంది. వేళ్లు పట్టే చోట పిడి రంగు అరిగిపోయి తెల్లబడి ఉంది.