బండి ఏం చెప్పింది?

మేస్త్రీ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఎంత పెద్ద బండి వచ్చినా ఆయన ముందుగా పానా పట్టుకోడు. డ్రైవర్ని స్టూలు మీద కూర్చోబెట్టి, "బండి ఏం చెప్పింది?" అని అడుగుతాడు. ఏ శబ్దం, ఎక్కడ వచ్చింది, ఎత్తు ఎక్కుతుంటేనా దిగుతుంటేనా, అన్నీ విన్నాకే బండి కింద దూరతాడు. డ్రైవరు చెప్పిన మాటను ఎప్పుడూ అనుమానించడు. వైద్యుడి దగ్గరా మెకానిక్ దగ్గరా అబద్ధమాడే వెర్రివాడు ఉండడని ఆయన నమ్మకం.

ఆ రోజు స్టూలు మీద కూర్చున్నవాడు ఆయన సొంత అల్లుడు. స్నేహితులు అతన్ని హీరో అంటారు. బిరుదు ఇచ్చింది వాళ్ళే అయినా మోయాల్సింది ఇతనే కదా, ఆ బరువు ఎంతో ఇప్పుడిప్పుడే తెలిసొస్తోంది. గుమ్మం ముందు అతని జీపు ఇంకో బండికి తాడు కట్టించుకుని వచ్చి నిలబడింది. ఇంజను బ్రహ్మాండంగా తిరుగుతుంది. వెనక చక్రాలు మాత్రం మాకేం సంబంధం అన్నట్టు ఊరుకుంటాయి.

"చెప్పండి అల్లుడుగారూ. బండి ఏం చెప్పింది?"

షెడ్డుకి వచ్చిన ప్రతివాణ్ణీ "ఒరే" అని పిలిచే మనిషి, ఇతన్ని మాత్రం "మీరు" అని గౌరవించి మాట్లాడతాడు. ఆ మన్నన హీరోకి ఎప్పుడూ తియ్యగానే ఉండేది. ఈరోజు ముల్లులా గుచ్చుకుంది.

"ఏం లేదు మామయ్యా. మామూలు రోడ్డే. మెల్లగా వస్తున్నా. వెనకాల టప్పుమని ఒక్క శబ్దం. అంతే."

"బురదలో ఎక్కడైనా దిగబడిందా?"

"అబ్బే, లేదు."

ఇందులో నిజం ఆ టప్పుమన్న శబ్దం ఒక్కటే. ఆదివారం కిరాయి ఉందని భార్యకు చెప్పి, హీరోగారు స్నేహితులతో ఏటి ఒడ్డుకు వెళ్ళారు. బురదగుంటలోంచి జీపును ఒక్క ఊపులో పైకి తెస్తానని కోతలు కోశారు. చక్రం బురదలో గిర్రున తిరుగుతున్నా యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యలేదు. వాళ్ళు ఈలలు వేసేకొద్దీ ఇంకా తొక్కాడు. తిరిగే చక్రం అడుగునున్న బండరాయిని ఒక్కసారిగా పట్టుకుంది. అంతే, ఈలలు ఆగిపోయాయి. షెడ్డుకి తెచ్చేముందు జీపును శుభ్రంగా కడిగించాడు కూడా. ఆ తెలివి ముందే ఉంటే ఎంత బాగుండేది!

మేస్త్రీ జీపు వెనక భాగాన్ని జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలిపాడు. ఒక చక్రాన్ని చేత్తో తిప్పి చెవి ఒగ్గాడు. లోపల గరగరమంది. ఇంజను నుంచి వెనక్కి వచ్చే షాఫ్టును తిప్పితే కొంచెం తిరిగి, టక్కుమని తగిలి, జారిపోయింది. "యాక్సిళ్ళు బాగానే ఉన్నాయి. రోగం డిఫరెన్షియల్లోనే" అన్నాడు. ఇంజను బలాన్ని రెండు వెనక చక్రాలకీ పంచిపెట్టే పళ్ళ చక్రాలు ఉండేది అందులోనే. ఆయిల్ కిందికి వదిలితే నల్లటి నూనెలో వెండిపొడి మెరిసింది. మూత విప్పాడు. లోపలి పెద్ద పళ్ళ చక్రానికి ఒక పక్క వరసగా పళ్ళు ఊడిపోయి ఉన్నాయి.

మేస్త్రీ ఊడిన చోటును వేలితో తడిమి చూశాడు. ఆ పళ్ళ జత ఈ మధ్యనే ఆయన కొత్తగా వేసింది.

"మామూలు రోడ్డు మీద, మెల్లగా పోతుంటే విరిగాయంటే ఇంక వేరే కారణం లేదు" అన్నాడు చివరికి. "నా సెట్టింగే తప్పు."

ఆ పెద్ద చక్రం, దాన్ని తిప్పే చిన్న చక్రం సరిగ్గా కలవాలంటే మధ్యలో పలచటి రేకు బిళ్ళలు వేసి ఎడం కుదర్చాలి. కుదిరిందో లేదో చూడ్డానికి పళ్ళకు రంగు పూసి తిప్పుతారు. ఒరుసుకున్న గుర్తు పంటి మధ్యలో పడితే మంచిది, అంచున పడితే పన్ను ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది. ఈమధ్య కళ్ళు మసకలు కమ్మడంతో, ఆ గుర్తు చూడ్డానికి మేస్త్రీ కూతుర్ని పిలుస్తున్నాడు. ఆమె ఆ షెడ్డులోనే పెరిగింది.

టీ గ్లాసులతో వచ్చిన ఆమె, మూత విప్పిన చోట ఊడిన పళ్ళను చూసి ఆగిపోయింది.

"నాన్నా, గుర్తు మధ్యలోనే ఉందని చెప్పింది నేనే కదా?"

"చెప్పావమ్మా. బిళ్ళలు వేసింది నేను. బోల్టులు సరిగ్గా బిగించి ఉండను."

"కాదు, నేనే సరిగ్గా చూళ్ళేదేమో. మబ్బుగా ఉంది ఆ పూట."

"నీ తప్పేం లేదు. నా చెయ్యే పోయింది."

పంపకాల్లో నాకెక్కువంటే నాకెక్కువని కొట్టుకునేవాళ్ళను లోకం బోలెడుమందిని చూసింది. తప్పు నాదంటే నాదని లాక్కుంటున్న ఈ తండ్రీకూతుళ్ళ మధ్య హీరో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఒక్క మాట చెబితే చాలు. కానీ ఆ మాట వెనకాలే ఆదివారం కిరాయి కూడా బయటికొస్తుంది. ఆమె లోపలికి వెళ్ళాక చెబుదామనుకున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. టీ తాగాక చెబుదామనుకున్నాడు. టీ చల్లారిపోయింది. సిగ్గుతో చచ్చిపోతున్నాడు, ఆ సిగ్గే నోరు నొక్కుతోంది.

మేస్త్రీ అలమర తెరిచి, పళ్ళ ఎడం కొలిచే గేజీని తీశాడు. తన గురువు ఇచ్చిన వస్తువది, ఎవర్నీ ముట్టుకోనివ్వడు. మెత్తటి గుడ్డలో చుట్టి అల్లుడి చేతిలో పెట్టాడు.

"వీధి చివరి షాపు మేస్త్రీకి ఇచ్చెయ్యండి. మీ బండి కూడా అతనే చేస్తాడు. ఇంక నేను గేరు పని పట్టను. మీరు లోయ దారిలో ఉండగా విరిగుంటే? నా కూతురి బతుకేమయ్యేది?" అలమర తలుపు మూశాడు. "నా చేత్తో నేను ఇవ్వలేను. మీరే ఇవ్వండి."

హీరో గేటు దాకా వెళ్ళాడు. గుడ్డ మూట ఏమంత బరువు లేదు. అయినా కాలు ముందుకు పడలేదు. వెనక్కి వచ్చాడు.

"మామయ్యా, రోడ్డు కాదు. ఏటి దగ్గర. బురదలో చక్రం తిరుగుతుంటే తొక్కాను. కింద రాయి పట్టుకుంది."

తల వంచుకున్నాడు. చెంప పగిలినా బాగుండు అనుకున్నాడు.

"బురదలోనా?"

"అవును."

"గట్టిగా తొక్కారా?"

"చాలా గట్టిగా."

మేస్త్రీ విరిగిన పంటి ముక్కను తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఆయన ముఖం విప్పారింది.

"అలా తొక్కితే ఏ పళ్ళయినా విరుగుతాయి! దేవుడొచ్చి సెట్ చేసినా విరుగుతాయి!" పకపకా నవ్వాడు. "అమ్మాయీ! ఇలా రా! నువ్వు సరిగ్గానే చూశావు! గుర్తు మధ్యలోనే పడింది!"

ఆ సంతోషం చూసి హీరోకి తల కొట్టేసినట్టయింది. తిట్టినా భరించేవాడు. తను నోరు విప్పని ఆ కాసేపట్లో ఈ మనిషి ఎంత పోగొట్టుకున్నాడో ఆ నవ్వులో లెక్క తేలింది.

ఆమె పరుగున వచ్చింది. ఎర్రబడ్డ కళ్ళతోనే నవ్వుతోంది.

"ఎలా తెలిసింది నాన్నా?"

మేస్త్రీ నవ్వు మెల్లగా ఆగింది. అల్లుడి చేతిలోంచి గేజీ తీసుకున్నాడు. స్టూలును ముందుకు జరిపాడు.

"కొత్త పళ్ళు నేనే వేస్తాను, గుర్తు అమ్మాయే చూస్తుంది. ముందు మీరు కూర్చోండి అల్లుడుగారూ. మొదట్నుంచీ చెప్పండి, తనూ వింటుంది. బండి ఏం చెప్పింది?"

హీరో కూర్చున్నాడు. భార్య ముఖంలో నవ్వు ఇంకా పోలేదు.

"ఆదివారం కిరాయి లేదు" అని మొదలుపెట్టాడు.