ఎవరిదీ కాని గోడ

ఉలిగప్ప ఇంటి వెనక గోడలో నిక్షేపం ఉందట. అందుకే సర్కారువాళ్ళు నీలం బోర్డు పాతి కాపలా పెట్టారట. అందుకే ఉలిగప్ప ఊరందరి ఇళ్ళకూ స్లాబులు పోస్తూ తన మిద్దెను మాత్రం ముట్టుకోడట. ఈ మాట పక్కింటి ఈరక్క కొళాయి దగ్గర బిందె నిండేలోపల నలుగురికి చెప్పింది. ఆ నలుగురిలో ఒకామె చౌకదుకాణం దగ్గర హనుమంతమ్మకు చెప్పింది. హనుమంతమ్మ ఇంటికొచ్చి, మొగుడికి సంగటి పెడుతూ, విన్నదానికి తన వంతు కారం కొంచెం కలిపి చెప్పింది.

ఉలిగప్ప ముద్ద మింగి తలెత్తి చూశాడు. నిక్షేపం సంగతి దేవుడెరుగు, నడిమి దూలంలో మూరెడు చీలిక మాత్రం కళ్ళున్నవాడికల్లా కనిపిస్తోంది.

"దొరికితే సగం ఆయమ్మకే ఇస్తానని చెప్పు. దూలం మార్చుకునే కాగితం తెచ్చిస్తే చాలు," అన్నాడు.

వాళ్ళ పల్లె పెనుకొండకూ సోమందేపల్లికీ నడుమ, కొండ కింద ఉంది. ఊరి మొదట్లో రాయల కాలంనాటి బురుజు, దాని పక్కన కూలిపోగా మిగిలిన కోటగోడ. బురుజుకు పాతిక అడుగుల్లో ఉలిగప్ప ఇల్లు. రాతి గోడలు, వేప దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతె కర్రలు, ఆ పైన మట్టి మిద్దె. ఏటా తొలకరికి ముందు చౌడు మట్టి తెచ్చి మిద్దె మీద పరవడం ఆ పక్క అలవాటు. చౌడు తడిసి బిగుసుకుంటే నీళ్ళు కిందికి దిగవు. దిగవు సరే, చౌడు కూడా ఎక్కడికీ పోదు. పాతది దించకుండా కొత్తది వేస్తూ పోతే యాభై ఏళ్ళకు మిద్దె మీద ఒక చిన్న మడి తయారైంది. ఉలిగప్ప చిన్నప్పటి నుంచీ తన చేత్తోనే గంపలకు గంపలు పైకి ఎక్కించాడు. ఏ దూలం ఎంత బరువు మోస్తుందో హిందూపురం దాకా పోయి జనానికి చెప్పే సెంట్రింగ్ మేస్త్రీ, తన నెత్తి మీది బరువు లెక్క చూసుకోలేదు. పోయినేడు ఆశ్లేష కార్తెలో మూడు రోజులు వాన పట్టింది. మూడో రోజు పొద్దున దూలం టప్పుమంది.

ఆ రోజే పనిలోంచి రెండు సరుగుడు బొంగులు తెచ్చి కింద పోటు పెట్టాడు. ఆ రెండు బొంగుల నడుమ అతని తల్లి తిప్పక్క మంచం. మంచాన్ని వంటింట్లోకి మారుద్దామంటే ముసలామె ఒప్పుకోలేదు. ఆ మూల తప్ప తనకు గాలి ఆడదంది. నిజానికి వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు తలుపు బయట ఉండాలి.

దూలం తీసి ఇనుప గర్డరు వేసి, చౌడు దించి, పైన రేకులు పరిస్తే ఉలిగప్పకు నాలుగు రోజుల పని. కానీ బురుజు పురావస్తు శాఖ చట్టం కింద ఉంది. నూరు మీటర్లలోపల కొత్తగా ఏమీ కట్టకూడదు. పాత ఇల్లు బాగుచేసుకోవాలన్నా అనుమతి రావాలి. తప్పితే జైలూ జుల్మానా అని బోర్డు మీదే రాసి ఉంది. ఆ బోర్డుకు ఏడాదికోసారి రంగు పడుతుంది. బురుజు నెత్తిన మాత్రం జువ్విచెట్టు మొలిచి, చేయి లావు వేళ్ళు దింపి రాయీ రాయీ విడదీస్తోంది. దాన్ని పీకడానికి కూడా ఎవరో ఎక్కడో సంతకం పెట్టాలి కాబోలు.

ఉలిగప్ప దొంగచాటు పని చేసే రకం కాదు. దూలం పగిలిన వారంలోనే అర్జీ పెట్టాడు. ధర్మవరంలో ఇంజనీరును పట్టుకుని ఇంటి ప్లాను గీయించాడు. ఇంటి పన్ను రసీదులు, ఇల్లు పాతదేనని సర్టిఫికెట్టు, నాలుగు పక్కలా ఫోటోలు, అన్నీ హిందూపురంలో నెట్ సెంటరు వాడి చేత ఎక్కించాడు. నెలన్నరకు ఫోటోల్లో కొలత తెలియడం లేదని వెనక్కి వచ్చింది. టేపు పట్టుకుని హనుమంతమ్మను గోడ దగ్గర నిలబెట్టి మళ్ళీ తీశాడు. ఈసారి ఫోటోలో మనుషులు ఉండకూడదని వచ్చింది. టేపును మేకుకు తగిలించి మళ్ళీ తీశాడు. ప్లానులో ఉత్తరం దిక్కు గుర్తు లేదని వచ్చింది. ధర్మవరం ఇంజనీరు పెళ్ళిళ్ళ హడావిడిలో ఉండి ఆ బాణం గుర్తు గీయడానికి ఇరవై రోజులు తీసుకున్నాడు.

ఇట్లా పది నెలలు గడిచాయి. రోహిణి ఎండలు మండుతుండగా గ్రామ సచివాలయం నుంచి ఉమారాణి ఫోన్ చేసింది. ఊళ్ళో ఇళ్ళ కాగితాలు చూసే ఉద్యోగి ఆమె. పాపం, ఈ పది నెలల్లో అతనితో విసుక్కోకుండా మాట్లాడింది ఆ పిల్ల ఒక్కతే. ఉలిగప్ప పని మధ్యలో వదిలి, చేతులకు అంటిన సిమెంటుతోనే బస్సెక్కి వచ్చాడు.

"అనుమతి రాలేదన్నా. అసలు ఆ వెనక గోడ మీది కాదంట. కోటగోడంట," అంది ఉమారాణి.

ఆమె కాగితం చదివి వినిపించింది. పదహారేళ్ళ కింద సర్వేవాళ్ళు వచ్చి బురుజు హద్దులు కొలిచినప్పుడు, స్థానికులైన తిప్పక్క, ఓబుళప్ప అనే ఇద్దరు ఆ గోడ రాయలవారు కట్టించిన కోటగోడలో భాగమని చెప్పారట. తిప్పక్క వేలిముద్ర, ఓబుళప్ప సంతకం ఉన్నాయట. కాబట్టి ఆ గోడ మ్యాపులో కట్టడం కిందికే వచ్చింది. బురుజు పక్కనున్న ఇల్లయితే అనుమతితో బాగుచేసుకోవచ్చు, కట్టడాన్నే తాకాలంటే మాత్రం కుదరదు.

తిప్పక్క అతన్ని కన్న తల్లి. ఓబుళప్ప పక్కింటి ఈరక్కకు మామ. ఉలిగప్పకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ గోడ కట్టింది అతని నాయన. ఆ సంగతి ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు.

ఇంటికొచ్చేసరికి ముసలామె మంచం మీద కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది.

"మా, ఆ పొద్దు బురుజు కొలిచేకి వచ్చినోళ్ళకు మన గోడ రాయలు కట్టినాడని చెప్పింటివా?"

ఆమె దాచలేదు. చెప్పానంది. ఆ ఏడు ఓబుళప్ప ఆ గోడ ఉమ్మడి గోడని, అందులో సగం తనదని, తన కొట్టానికి దూలం ఆ గోడ మీదే ఆనిస్తానని రోజూ పంచాయితీ పెట్టేవాడు. అప్పుడే జీపులో పెద్ద మనుషులు దిగారు. మజ్జిగ ఇచ్చి కూర్చోబెడితే, ఈ గోడ ఎవరిదమ్మా అని అడిగారు. తనదని చెబితే ఓబుళప్ప సగం తనదని లేస్తాడు. రాయలదంటే ఎవడూ నోరెత్తడు. అదీ ఆమె లెక్క.

"మరి ఓబుళప్ప ఎందుకు సంతకం పెట్టె?"

"నాది గాకపోతే నీది గూడా గాదులే అని పెట్టె. నవ్వుకుంటా పెట్టె, మొండినాయాలు. రాయలు వచ్చి అడుగుతాడా ఏమన్నా?"

"రాయలు రాలేదు గానీ వాళ్ళ జీపు వచ్చె గదమ్మా," అన్నాడు ఉలిగప్ప. తల్లి మీద కోపం తెచ్చుకుందామని చూశాడు, సగంలోనే ఆగిపోయింది. పొరుగువాడితో హద్దు తగువు వస్తే ఈ పక్క ఎవరైనా అంతే చేస్తారు. తను మాత్రం చేయడా?

ఉమారాణిని అడిగితే దారి ఒకటుందంది. అప్పుడు చెప్పిన ఇద్దరూ ఇప్పుడు నిజం చెప్పాలి. అధికారి వచ్చి గోడను కళ్ళారా చూసి, వాళ్ళ మాట రాసుకుని పోవాలి. ఉలిగప్ప తల్లికి ఇబ్బంది లేదు. ఓబుళప్పతోనే వచ్చింది చిక్కు.

ఎనభై దాటిన ఓబుళప్ప అరుగు మీద కాళ్ళు చాపుకుని అంతా విన్నాడు. వినపడనట్టు రెండోసారి చెప్పించుకున్నాడు. ఆఖరికి అసలు మాటకు వచ్చాడు.

"మీ నాయన కట్టినాడని నేను చెప్తే, నా సగం పోతాది గదప్పా."

"నీ సగం యాడుండాది పెద్దనాయనా? ఇప్పుడు మొత్తం సర్కారుదే గదా."

"సర్కారుదైతే ఇద్దరికీ లేదు. నీదైతే నాకొక్కనికే లేదు. ఏది మేలో నువ్వే చెప్పు."

ఉలిగప్ప పళ్ళు బిగించాడు. ఈ ముసలాయనతో నాయన పదేళ్ళు వాదించాడు, అమ్మ ఇరవై ఏళ్ళు వాదించింది. తనకు అంత టైము లేదు. మృగశిర కార్తెకు ఇంక పది రోజులు. తెల్లకాగితం తెప్పించి, గోడ తమ నాయన కట్టిందేనని, అయినా ఇకనుంచి అది రెండు ఇళ్ళకూ ఉమ్మడి గోడేనని, ఓబుళప్ప కొట్టం దూలం దాని మీద ఆనించుకోవచ్చని రాసి సంతకం పెట్టాడు. నాయన చెమటోడ్చి లేపిన గోడలో సగం ఒక్క గీతతో పోయింది. గడపలో నిలబడి చూస్తున్న ఈరక్క, నిక్షేపంలో కూడా సగమని రాయించుకోమని మామకు గుర్తుచేసింది. నవ్వుతూనే అంది కానీ, కళ్ళు నవ్వలేదు.

ఎనిమిదో రోజున అధికారి వచ్చాడు. పేరు విజయ్ కుమార్. ముప్పై దాటని మనిషి, కోస్తా వైపు మాట. చెడ్డవాడు కాదు. చెప్పులు బయట విడిచి, మజ్జిగ తాగి, అవ్వా అని పిలిచి మరీ మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. పైనున్న చీలికను చూసి ఒక్కసారి పీట వెనక్కి జరుపుకున్నాడు కూడా. ఉమారాణి ఫైలు పట్టుకుని నిలబడింది. ఓబుళప్పను ఈరక్క చేయి పట్టుకుని నడిపించుకొచ్చింది.

"ఈ గోడ ఎవరు కట్టారవ్వా? నిజం చెప్పాలి."

"నా మొగుడు కట్టినాడప్పా. నేను తట్టలో మట్టి మోసినా. వీడు అప్పుడు నా కడుపులో ఉండె. ఓబుళప్పతో కొట్లాట వచ్చి ఆ పొద్దు రాయలదని చెప్పినా."

ఓబుళప్ప కూడా మాట తప్పలేదు. పునాదికి తాను సాయం పట్టానని, తగువు తర్వాత వచ్చిందని, పంతానికి సంతకం పెట్టానని నింపాదిగా చెప్పాడు. విజయ్ కుమార్ అంతా రాసుకున్నాడు. ఉలిగప్ప పది నెలల తర్వాత మొదటిసారి గుండె నిండా గాలి పీల్చాడు. గర్డరు కోసం ఎవరికి ఫోన్ చేయాలో కూడా మనసులో అనుకున్నాడు.

అధికారి లేచి గోడ దగ్గరికి పోయాడు. రాళ్ళ మీద చెయ్యి వేసి మెల్లగా తడిమాడు. ఒకచోట ఆగాడు. కింద రెండో వరుసలో ఒక రాయి మీద చెక్కిన సగం చేప ఉంది, తోకా కొంచెం పొట్టా. మిగతా సగం ఏ గోడలో ఉందో.

"ఈ రాళ్ళు ఎక్కడినుంచి తెచ్చారవ్వా?"

ఉలిగప్ప తల్లికి కన్ను గీటబోయాడు. ఆమె అతని పక్క చూడనే లేదు. నిజం చెప్పమన్నారు, చెబుతోంది. మొగుడి కష్టం చెప్పుకోవడమంటే ఆమెకు ముందునుంచీ ఉత్సాహం.

"యాడనుంచేంది? కోటగోడ పడింటే ఆడనుంచే. ఎద్దులబండికి పదకొండు తిరుగుళ్ళు. మేమొక్కరమేనా, ఊరంతా తెచ్చుకునె."

విజయ్ కుమార్ పెన్ను మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. అతని ముఖంలో బాధే ఉంది. గోడ వీళ్ళు కట్టిందే కావచ్చుగానీ రాళ్ళు కోటవని, ఆ సంగతి విని రాయకుండా ఉండలేనని, గోడను మ్యాపులోంచి తీయాలా వద్దా అన్నది తన చేతిలో లేదని, పైకి పంపిస్తానని చెప్పాడు. పైవాళ్ళు రాయి గురించి తెలిసినవాళ్ళను పంపుతారట. వాళ్ళు చూసి చెప్పాక మళ్ళీ ఫైలు కదులుతుందట.

"గోడ ముట్టుకోను సార్. దూలం ఒక్కటే మారుస్తా," అన్నాడు ఉలిగప్ప.

"దూలం దేని మీద ఆనింది?"

"గోడ మీదనే."

"అదే కదండీ."

"పోనీ, పైన చౌడన్నా దించుకుంటా. బరువు తగ్గుతాది. నేను మేస్త్రీని సార్, నాకు తెలుసు."

"అది కూడా పని కిందికే వస్తుంది. రాసి పంపిస్తాను, అందులో చేరుస్తాను." విజయ్ కుమార్ కొంచెం ఆగి, అవ్వను వేరే చోట పడుకోబెట్టడం మంచిదన్నాడు. ఎక్కడ అని హనుమంతమ్మ అడిగింది. అతను వంటింటి వైపు ఒకసారి చూసి, రాసుకున్న కాగితాలు ఉమారాణి ఫైలులో పెట్టాడు.

ఓబుళప్ప తన తెల్లకాగితం జేబులోనే ఉందా లేదా అని తడుముకున్నాడు. ఉలిగప్ప ఆ చేతిని చూశాడు. ఇచ్చిన సగం గోడ ఇచ్చినట్టే పోయింది, వచ్చింది మాత్రం ఏమీ లేదు. సరుగుడు బొంగుకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. గట్టిగా అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఎదురుగా ఉన్నవాడు మజ్జిగ తాగి, మర్యాదగా మాట్లాడి, తన పని తాను చేసినవాడు.

విజయ్ కుమార్ బయటికి పోతూ గడప దగ్గర వెనక్కి తిరిగాడు.

"నెలో, రెండు నెలలో పడుతుంది. కొంచెం ఓపిక పట్టండవ్వా."

తిప్పక్క ఒలిచిన చెనక్కాయలు చేటలోకి దులిపింది.

"ఓపిక నాకుండాది నాయనా. దూలానికి లేదు."